రెండో విడతకు ఒక ఏడుపు

పినపాక నుంచి దమ్మపేట దాకా ఎవరినైనా అడగండి, ఈ అడవి అంచున నా అంత నిజం చెప్పేవాడు ఇంకొకడు లేడంటారు. మీరు అడగకపోయినా నేనే చెప్తాను. పైగా ఈ వారం రాయబోయేది ఎవరో చెప్పగా విన్నది కాదు. తండాలో ముసలి మంగ్లి ఇంటి ముందు కుక్కి మంచం మీద కూర్చుని ఈ రెండు కళ్ళతో చూసింది. ఈ కళ్ళ సంగతి మీకు తెలియదేమో. కిన్నెరసాని అవతలి గట్టు మీద చీమ కుంటుతూ పోతుంటే ఏ కాలు కుంటో ఇవతలి గట్టు నుంచే చెప్పేస్తాయి.

పోయిన వారం చదివి మరిచిపోయినవాళ్ళకీ, చదవకుండా చదివామని చెప్పుకునేవాళ్ళకీ ఒక మాట గుర్తు చేయాలి. ఏన్కూరులో ఒకప్పటి తునికాకు గోదాములో చరిత్ర సంఘం ఒకటి నడుస్తోంది. తండాల్లో, చర్చిల్లో, చెదలు పట్టిన పెట్టెల్లో దొరికిన పాత ఫోటోలు, పట్టాలు స్కాన్ చేసి, ముసలివాళ్ళ పాటలు రికార్డు చేసి కంప్యూటర్లో దాచడం వాళ్ళ పని. దానికి అధ్యక్షుడు బాబూరావు. తహసీలు కచేరీలో ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఉద్యోగంలో ఉండగా ఒకే చెలకను ముగ్గురికి చూపించి ముగ్గురిచేతా దండం పెట్టించుకున్న ఘనుడు. జీతానికి పనిచేసేది భాను ఒక్కతే. ఇద్దరిదీ మంగ్లి ఉండే తండానే.

బండి నడిచేది హైదరాబాదులోని ఒక నిధి సంస్థ ఇచ్చే గ్రాంటు మీద. మొదటి విడత స్కానరుకీ కెమెరాకీ అయిపోయింది. రెండో విడత రావాలంటే తండాలో ఇంకా బతికున్న ఆచారం ఒకటి వీడియో తీసి చూపించాలి. అందులో నటన ఉండకూడదు. నిజంగా జరిగే సందర్భంలోనే తీయాలి. అది చూసి రిపోర్టు రాయడానికి సంస్థ నుంచి ఒక మేడమ్ వస్తుంది. ఆ విడత వస్తే భానుకి మూడేళ్ళ జీతం. రాకపోతే మళ్ళీ మిరపకాయ ఏరే కూలి. ఆ కూలికి పోయిన రోజుల్లో చేతి మంటకు భయపడి కన్నకూతురి మొహం కూడా ముట్టుకునేది కాదు భాను. మోచేతితో నిమిరేది.

బాబూరావు దరఖాస్తులో రాసింది ఆడవాళ్ళ కలయిక ఏడుపు. ఏళ్ళ తర్వాత కలుసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, విడిపోయిన నాటి నుంచి జరిగిన మంచీ చెడూ చావూ పుట్టుకా అంతా రాగంలో చెప్పుకుని ఏడుస్తారు. అందుకు మంగ్లిని అడిగారు. ఉత్తుత్తినే ఏడవమంటే ఆమె ఒప్పుకోలేదు. కారణం లేని ఏడుపు కారణాన్ని వెతుక్కుంటూ ఇంటికొస్తుందంది. ఆమెకి చాంది అని ఒక చెల్లెలు, పినపాక పక్క తండాలో ఉంటుంది. అందుకని ఆ చెల్లెల్ని జీపులో రప్పించే ఏర్పాటు చేశాడు బాబూరావు. అక్కచెల్లెళ్ళకి ఆరేళ్ళుగా మాటల్లేవు. మంగ్లికి ఒక్కగానొక్క కొడుకు లాల్‌సింగ్. ఎడ్ల బేరం దగ్గర తల్లితో తగువు పడి పినతల్లి ఇంటికి వెళ్ళిపోయాడు, చాంది వాణ్ణి ఉంచుకుంది. అదీ కోపం.

ఇంతలో సంఘం ఫోను మోగింది. ఎత్తింది భాను. పచ్చకామెర్లు ముదిరి లాల్‌సింగ్ చనిపోయాడు, వాళ్ళమ్మకి చెప్పమన్నారు. చెప్తానంది. మంగ్లికి చెప్పకుండా ముందు బాబూరావుకి చెప్పింది. అతను "మేడమ్ వచ్చిపోయేదాక ఆగు," అన్నాడు. పోయిన వారం అక్కడ ఆపాను.

రెండు వారాలు గడిచాయి. ఇవాళ మేడమ్ వచ్చే రోజు.

పొద్దు బారెడెక్కేసరికి మంగ్లి ముస్తాబై వాకిట్లో కూర్చుంది. పెట్టె అడుగు నుంచి అద్దాల రవికె, అద్దాల లంగా తీసి కట్టుకుంది. చెంపల మీద వెండి గొలుసులు వేలాడుతున్నాయి. ఎండ తగిలి అద్దాలన్నీ ఒక్కసారి మెరిసేసరికి కెమెరా తెర మీద మనిషి మాయమై తెల్లటి వెలుగు మిగిలింది.

"యాడీ, జర ఇటు తిరుగు. అద్దాలు మెరుస్తున్నయ్," అంది భాను. యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"మెరవకపోతే అద్దాలెందుకే? లాల్‌సింగ్ చిన్నప్పుడు ఈ అద్దాలల్ల మొఖం జూసుకుంటనే పాలు తాగెటోడు. అద్దం లేకుంటే నోరు తెరవకపోయేది దొంగ ముండాకొడుకు."

భాను మైకు తీసి పైట అంచుకి తగిలిస్తోంది. వెండి గొలుసు తగిలి టకటకమంటోంది. గొలుసును పక్కకి జరిపి, సర్దుతున్నట్టు వంగింది. మంగ్లి చెవి బెత్తెడు దూరంలో ఉంది.

"జీపుల నా కొడుకు గూడ వస్తున్నడా?" మంగ్లి గుసగుసగా అడిగింది. సిగ్గుపడుతున్నట్టు అడిగింది.

ఇప్పుడు చెప్పేయాలి అనుకుంది భాను. నోరు తెరిచింది. తల ఎత్తి చూస్తే ఎదురుగా కెమెరా వెనక బాబూరావు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మైకు ఆన్‌లో ఉంది. చూపుడువేలు పెదవుల మీద ఆనించి, పసిపిల్లని ఊరుకోబెడుతున్నట్టు చిన్నగా నవ్వాడు.

"తెల్వదు యాడీ. జీపుల ఎందరు పడితే అందరొస్తరు."

"వస్తడు తీ. చాంది ఒక్కతే ఎట్లొస్తది, తొవ్వ తెల్వద్దా? జొన్నరొట్టెలు జేసిన. ఎండుచాపల కూర వండిన. వాడు నాలుగు తింటడు. నీకు గూడ ఒకటి పెడత గని, ముందు వానికి."

భాను లేచి బాబూరావు దగ్గరికి వెళ్ళింది. అతను హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకున్నాడు.

"సార్, చెప్పేద్దాం. రొట్టెలు జేసి కూసున్నది."

"పో. చెప్పు. నేనేమన్న కాళ్ళు పట్టుకున్ననా?" బాబూరావు గొంతు పెంచలేదు. "చెప్పినంక తలుపేసుకుని లోపల పంటది. మేడమ్ వచ్చి గోడలు ఫోటో తీసుకుని పోతది. నువ్వు మళ్ళ గంప నెత్తిన పెట్టుకుని తోటలెంబడి పోతవ్. పోయినోడు పోయిండు భానూ. ఇయాల చెప్పినా రేపు చెప్పినా లేచొచ్చి రొట్టె తినడు."

"అది గాదు సార్…"

"ఇగ మనం అబద్ధమేం చెప్పినం? చావు కబురు చెల్లె మెడ పట్టుకుని అక్కకు చెప్తది. మన తాతల కాడి నుంచి గదే గద పద్ధతి. మనం పద్ధతికి అడ్డం పోతలేం, అంతే."

చూశారా, పాపాన్ని ఆచారం గుడ్డలో చుట్టి ఎంత శుభ్రంగా చేతికిచ్చాడో. భాను దాన్ని పట్టుకుని నిలబడింది. కింద పడేయడానికి రెండు వారాలు టైముండింది కదా అని మీరనవచ్చు. ఆమె కూడా అదే అనుకుంది. రోజూ పొద్దున అనుకునేది. సాయంత్రానికి రేపు అనుకునేది.

తెల్లకారు వచ్చి ఆగింది. దిగినామె మహిమ. మధిర అమ్మాయి, హైదరాబాదులో ఉద్యోగం. మెడలో చిన్న సిలువ, చేతిలో నీళ్ళ సీసా, మొహం నిండా మంచితనం. మంచివాళ్ళని మోసం చేయడం ఎంత తేలికో బాబూరావుకి మొహం చూడగానే తెలిసిపోతుంది.

"నేను వస్తున్నానని ఏమీ మార్చలేదు కదండీ?" అంది మహిమ.

"ఏం మార్చలే మేడమ్. ఆరేండ్లకు అక్కచెల్లెళ్ళు కలుస్తున్నరు. మేం జీపు పెట్టినం, గంతే."

"నాకు మీ తండా భాష రాదు. మా పద్ధతి ఏంటంటే, పాటకి అర్థం ఇద్దరు చెప్పాలి. మీరూ చెప్పండి, భాను గారూ చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తేనే రిపోర్టులో రాసుకుంటాను."

"మంచి పద్ధతి మేడమ్," అన్నాడు బాబూరావు. "లేకుంటే ఎవరికి తోచింది వాళ్ళు చెప్తరు."

ఇక్కడ ఆ ఏడుపు కట్టుబాటు కూడా చెప్పాలి. మెడ పట్టుకున్నాక మామూలు మాట మాట్లాడకూడదు. తిట్టు వచ్చినా, దాహం వేసినా రాగంలోనే రావాలి. మధ్యలో వదలకూడదు. చెప్పుకోవాల్సింది అయిపోయాక ఇంటి కోడలో కూతురో చెంబుతో నీళ్ళు తెచ్చి, ఇద్దరినీ విడదీసి తాగిస్తుంది. ఆ నీళ్ళు గొంతు దిగితేనే మనుషులు మళ్ళీ మామూలు మాటల్లోకి వస్తారు. మంగ్లికి కోడలు లేదు. ఆ చెంబు నేనిస్తానని ముందే మాటిచ్చింది భాను.

జీపు వచ్చింది. చాంది దిగింది.

దిగుతున్న ఆమెని అక్కడ నిలబెట్టి ఒక చిన్న సవరణ చేసుకుంటాను. కుక్కి మంచం మీద కూర్చుని చూశానన్నాను కదా. మంచం నిజమే. దాని మీద ఉన్నది ఎండబెట్టిన మిరపకాయలు. ఆ రోజు నేను ఒక కంట్లో పొర తీయించుకుని, పచ్చగుడ్డ కట్టుకుని, మా ఆవిడ నోటికి అందేంత దూరంలో పడుకుని ఉన్నాను. రెండో కంటికి ఇంకా వంతు రాలేదు. కిన్నెరసాని చీమ సంగతి దేవుడెరుగు, కంచంలో అన్నమెక్కడుందో కూరెక్కడుందో తడిమి తెలుసుకున్నాను. ఇదంతా తర్వాత చాంది చెప్పగా విన్నదే. అయితే ఏం పోయింది? చూసినవాడికి ముందున్నదే కనబడుతుంది, విన్నవాడికి గోడ వెనకది కూడా కనబడుతుంది. మరి భాను మనసులో సంగతులు నీకెలా తెలుసంటారా, అబద్ధం చెప్పేవాళ్ళ మనసు నాకు సొంతిల్లు.

చాంది ఒక్కతే దిగింది. మంగ్లి ఆమె భుజం మీదుగా జీపు లోపలికి చూసింది. డ్రైవరు తలుపేశాడు. ఇంకెవరూ లేరు. మంగ్లి మొహం ఒక్క క్షణం ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంది. వాడికింకా కోపం తగ్గలేదు కాబోలు, మెల్లగా తగ్గుతుందిలే అనుకుంది.

అక్క కబురు పెట్టి జీపు పంపిందంటే కొడుకు చావుకి కోపం చల్లారిందని చాంది అనుకుంది. పరుగున వచ్చి మెడ వాటేసుకుంది. రాగం ఎత్తింది. వాళ్ళ మాటల్ని నేను తెలుగులోకి తిప్పి రాస్తున్నాను, రాగం మీరే కట్టుకోండి.

"అక్కా, ఆరేండ్లకు నీ మెడ దొరికింది. ఏ చేతులతో పట్టుకోను. నీ ఇంటి కొమ్మను నా వాకిట్ల నాటుకున్న. నీళ్ళు పోసిన. అన్నం పెట్టిన. నిలుపుకోలేకపోయిన."

మంగ్లి కూడా అలవాటు ప్రకారం ఎత్తుకుంది. "చెల్లే, ఏ కొమ్మ. ఏ వాకిలి. కోపం నాది, పాపం నాది. వాడెట్లున్నడు చెప్పు. బక్కగైండా. బువ్వ తింటున్నడా."

చాంది గొంతులో రాగం తెగబోయి మళ్ళీ అతుక్కుంది. ఆమె తల వెనక్కి తీసి అక్క మొహంలోకి చూద్దామనుకుంది కాని మెడ వదలకూడదు. అలాగే పట్టుకుని పాడింది.

"అక్కా, నీకు తెల్వదా. రెండు వారాలాయె. కండ్లు పసుపు, గోర్లు పసుపు, దవాఖానల తెల్లదుప్పటి గూడ పసుపు. అమ్మ అన్నడు. ఒక్కసారి అన్నడు. ఫోను జేసినం. భాను ఎత్తింది. చెప్తనన్నది. పాడె లేపేదాక తొవ్వ జూసినం. కోపం పోలేదనుకున్నం, మట్టి కప్పినం. మూడో దినం వాని పేరు మీద రొట్టె పెట్టేటప్పుడు గూడ తొవ్వ జూసినం."

భాను కెమెరా తెర వైపే చూస్తోంది. తెర మీద మంగ్లి వీపు, అద్దాల రవికె. ఒక్కో అద్దంలో ఒక్కో చిన్న భాను కెమెరా పట్టుకుని ఉంది.

మంగ్లి ఏడుపు ఆగిపోయింది. తర్వాత ఆమె గొంతులోంచి ఏదో వచ్చింది. అది రాగమేనని చాంది ఒట్టేసి చెప్పింది. నాకైతే ఆ గొంతు వినకపోవడమే మేలనిపించింది.

మహిమ కళ్ళు తుడుచుకుంది. "ఎంత లోతుగా ఉంది. ఏం చెప్పుకుంటున్నారు బాబూరావు గారూ?"

"కరువు రోజులు మేడమ్. పాత కరువు యాది జేసుకుంటున్నరు."

"భానూ?"

భాను చేతిలో కెమెరా ఉంది. మంగ్లికి తెలుగు రాకపోవడమేం, ఏన్కూరు సంతలో బేరమాడితే కోమట్లు చేతులెత్తేస్తారు. ఇవతల తెలుగులో అనే ప్రతి మాటా అవతల ఆమె చెవిన పడుతుంది. బదులు చెప్పాలంటే మాత్రం నీళ్ళు తాగాలి.

"అవ్ మేడమ్," అంది భాను. "కరువుల సచ్చిపోయిన ఎడ్ల గురించి."

ఎడ్లు ఎవరూ అడగలేదు. అబద్ధం నిలబడాలంటే నాలుగు కాళ్ళుండాలని తనంతట తానే తగిలించింది.

చెల్లెలి భుజం మీద గడ్డం ఆనించి, మంగ్లి కళ్ళు తెరిచి భాను వైపు చూసింది. ఆ చూపు తీయకుండానే పాడటం మొదలుపెట్టింది.

"భానూ, నువ్వు పుట్టిన్నాడు బొడ్డు గోసింది నేనే. నీ నోట్ల తేనె నాకించింది నేనే. నా కొడుకు శవాన్ని రెండు వారాలు ఆ నోట్లనే దాచుకున్నవ్. బాబూరావు, నా కొడుకును ఎరగట్టి చేపకు కూసున్నవ్. పడ్డదారా నీ చేప."

"మీ పేరు వినిపించింది భానూ," అంది మహిమ.

"దీవిస్తున్నది మేడమ్," బాబూరావు అందుకున్నాడు. "భాను లేకపోతే మేమిద్దరం కలవకపోదుము అని. సల్లగుండమంటున్నది."

"అంతేనా భానూ?"

"అవ్ మేడమ్."

"అదృష్టవంతురాలివి," అంది మహిమ, నిజంగా అనుకునే అంది.

చెప్పుకోవాల్సింది అయిపోయింది. ఇద్దరి ఏడుపూ మాటలు లేని వట్టి కూనిరాగంలోకి దిగింది. నీళ్ళివ్వాల్సిన సమయం. భాను కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, గుమ్మం దగ్గర మూతపెట్టి ఉంచిన రాగిచెంబు తీసుకుంది. నాలుగడుగులు వేస్తే సరిపోతుంది. బాబూరావు ఆమె దారిలోకి వచ్చి, కారు వైపు చూసి, చెంబు వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

అర్థం కాకపోవడానికి ఏముంది. నీళ్ళు దిగితే మాట వస్తుంది. మాట వస్తే తెలుగులో వస్తుంది. కారు కదిలేదాకా నీళ్ళు వద్దు.

"మేడమ్, ఇది ఇంక పొద్దుగూకేదాక సాగుతది," అన్నాడు అతను మహిమతో. "మీకు భద్రాచలం పోయేదున్నదంటిరి. అడవి తొవ్వ, చీకటి పడితే కష్టం. మిగిలింది భాను తీసి పంపిస్తది."

మహిమకి వెళ్ళబుద్ధి కావడం లేదు. టైము చూసుకుంది, బ్యాగు సర్దుకుంది, మళ్ళీ ఆగి చూసింది. ఎండ నడినెత్తికి వచ్చింది. మంగ్లి బరువంతా చాంది మోస్తోంది. భాను చెంబుతో గుమ్మం నీడలో నిలబడి ఉంది. అలా పట్టుకుని నిలబడటం కూడా ఒక పనే అన్నట్టు నిలబడి ఉంది.

మంగ్లి గొంతు జీరపోయింది. అయినా కట్టుబాటు తప్పలేదు, రాగంలోనే అడిగింది. "భానూ, చెంబు నీ చేతిల ఉన్నది. మాట నా నోట్ల ఉన్నది. పాణీ దే. పాణీ దే బేటీ."

భాను కదల్లేదు.

మహిమ కారెక్కింది. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. బాబూరావు చేతులు జోడించాడు, ఆ జోడించిన చేతుల వెనక పళ్ళన్నీ కనబడ్డాయి. కారు గజం ముందుకు కదిలి ఆగింది. అద్దం దిగింది.

"పాణీ అంటే నీళ్ళే కదండీ?"

"వానపాట మేడమ్. వానదేవుణ్ణి…"

మహిమ అప్పటికే దిగింది. తన సీసా మూత తీస్తూ వచ్చి, వాళ్ళిద్దరి మధ్యకి చేయి పోనిచ్చి, "పాపం, గొంతు ఎండిపోయినట్టుంది. తాగండమ్మా," అంది.

ఆమెకి కట్టుబాటు తెలియదు. ఈ వాకిట్లో ఏ కూతురూ చేయని పని చేస్తున్నానని తెలియదు. మంగ్లి ఆ ప్లాస్టిక్ సీసా ఎత్తి సగం తాగింది, సగం చెల్లెలికి తాగించింది. మిగిలిన చుక్కలతో మొహం తడుపుకుంది. చాంది మెడ మీద నుంచి చేతులు తీసింది.

బాబూరావు హెడ్‌ఫోన్లు మెడలోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. పారిపోయేవాడు చెప్పులు చేతిలో పట్టుకున్నట్టు.

"నీ పేరేంది బిడ్డా?" మంగ్లి తెలుగులో అడిగింది.

"మహిమ అండి."

"ఏడుపు బాగున్నదా?"

మహిమ ఇబ్బందిగా నవ్వింది. "బాగుందని ఎలా అంటానండీ. నిజంగా ఉంది. నేను చాలాచోట్ల చూశాను, అందరూ కెమెరా చూసి నటిస్తారు. మీలో కొంచెం కూడా నటన లేదు."

"లేదు," అంది మంగ్లి. "నటన లేదు. నువ్వు రాసుకో. వీళ్ళకు పైసలియ్యి. కష్టపడి చేసిండ్రు."

బాబూరావు ఊపిరి వదిలాడు. ముసలిదానికి మతి పోయిందనో, లేక మంచితనం ముదిరిందనో అనుకున్నాడు. భాను మాత్రం అలా అనుకోలేదు. మంగ్లి తిట్టే రకం. తిడితే మూడు తండాలకి వినబడేలా తిడుతుంది. తిట్టలేదంటే ఇంకేదో ఉంది.

"ఇంకోటి ఉన్నది బిడ్డా. దీనికంటె పెద్దది. మనిషి సచ్చిపోతే ఏడ్చేది. నువ్వు రేపటిదాక ఉంటవా? పొద్దుగాల ఏడుస్త. కెమెరా పెట్టుకో."

"కాని ఊరికే పాడితే మేం తీసుకోమండీ. నిజంగా సందర్భం ఉండాలి."

"ఉన్నది."

మహిమ డ్రైవరు వైపు తిరిగి, భద్రాచలం రేపు మధ్యాహ్నానికి మార్చమని చెప్పింది. ఏన్కూరులో ఉండటానికి గది దొరుకుతుందా అని అడిగింది. ఆ సందులో మంగ్లి భాను దగ్గరికి నడిచి వచ్చింది. ఇప్పుడు తండా మాటల్లో, కల్లు ముంత అడిగినంత మామూలుగా మాట్లాడింది.

"నా కొడుక్కి ఇయాలే ఏడ్చేసిన. రేపటిది వానికి గాదు. మీ ఇద్దర్ల ఒకరికి. నీకా, బాబూరావుకా, నువ్వే చెప్పు. కూడబలుక్కుని చేసిండ్రు గద, ఒకరు పోతే ఒకరుంటరు."

బతికున్న మనిషికి పేరు పెట్టి చావు ఏడుపు ఏడిస్తే ఈ తండాలో ఆ మనిషి పోయినట్టే లెక్క. నిప్పివ్వరు, నీళ్ళివ్వరు, పేరు పెట్టి పిలవరు. ఎదురుపడితే గాలి వీచినట్టు పక్కకి జరుగుతారు. వెనకటికి హరిలాల్ అనేవాడికి అలాగే ఏడ్చారు. ఆ తర్వాత పదేళ్ళు బతికాడు. కుక్కలు కూడా వాణ్ణి చూసి మొరిగేవి కావు. చివర్లో తను ఉన్నాడో లేడో తనకే అనుమానం వచ్చి వేలు కొరికి చూసుకునేవాడు.

బాబూరావుకి హరిలాల్ వరసకి తాత అవుతాడు. పక్కనే ఉండి అంతా విన్నాడు.

మహిమ తిరిగి వచ్చింది. "రేపు ఎవరి కోసం పాడతారట? రాసుకోవాలి కదా."

మంగ్లి భాను వైపు చూసింది. ఆ ఖాళీలోకి బాబూరావు దూకాడు.

"భాను పేరు మీద మేడమ్. మా దగ్గర బాగా ఇష్టమైనోళ్ళ పేరు పెట్టి పాడతరు. గౌరవం."

ఇన్నాళ్ళూ సార్ అని పిలిచిన మనిషి వైపు భాను తిరిగి చూసింది. అతను ఆమె వైపు చూడటం లేదు. మహిమ పెన్ను వైపు చూస్తున్నాడు. ఒక్క అవ్ వస్తే రెండో విడత వస్తుంది, మూడేళ్ళ జీతం వస్తుంది, రేపు పొద్దున తన చావుకి తనే కెమెరా పట్టుకోవాలి. కాదంటే పొద్దున్నించీ చెప్పిన అవ్‌లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవాలి. ఎడ్ల దగ్గర మొదలుపెట్టి, రెండు వారాల కిందటి ఫోను దాకా. ఆమె చేతిలో నీళ్ళ చెంబు ఇంకా అలాగే ఉంది. వణికి, నీళ్ళు తొణికి కాళ్ళ మీద పడ్డాయి.

"అంతేనా భానూ?" అంది మహిమ, పెన్ను కాగితం మీద ఆనించి.

భాను నోరు తెరిచింది.

ఏమందో నాకు తెలుసు, మీకు వారం పడుతుంది. ఈలోగా నిజాయితీపరుణ్ణని గొప్పలు పోయాను కనుక ఒకటి ఒప్పుకోవాలి. ఇవాళ రాసినదాంట్లో ఒక్క ముక్క నా సొంత కల్పన. హరిలాల్ కాదు, కుక్కలు కాదు, అవి నిజమే. చెంబు వణికిందన్నాను చూడండి, అది నేను పెట్టింది. ఆ పిల్లని కొంచెం మనిషిలా చూపిద్దామని పెట్టాను. చాందిని గుచ్చి గుచ్చి అడిగాను, కొంచెమైనా వణికిందేమో గుర్తుచేసుకోమన్నాను. చుక్క కూడా తొణకలేదట.